ఖాళీ సీసా తిరిగొచ్చేంత దూరం: ఆర్టోస్, గోళీసోడా, ఒక ప్రాంతపు డ్రింకు కథ

ఆర్టోస్ పేరు చెబితే గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు. అదే పేరు కర్నూలులోనో కరీంనగర్‌లోనో చెబితే అదేమిటని అడిగేవాళ్ళే ఎక్కువ. రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన కూల్‌డ్రింకు వ్యాపారం అది. మొదట్లో ఏ.ఆర్.రాజు డ్రింక్స్ అనేవారు. ఆర్టోస్ అన్న పేరు 1955లో వచ్చింది. కోకాకోలా మన దేశంలో సీసాలు నింపడం మొదలుపెట్టింది 1950 ప్రాంతంలో. అంటే అమెరికా డ్రింకు ఇక్కడ అడుగుపెట్టేనాటికే రామచంద్రపురం డ్రింకుకి ముప్పై ఏళ్ళు నిండాయి.

అంత ముందు మొదలైన డ్రింకు ఉభయ గోదావరి జిల్లాలు, కాస్త విశాఖ వైపు దాటి ఎందుకు పెద్దగా పోలేదు? పెద్ద కంపెనీల డబ్బు, సినిమా తారలతో ప్రకటనలు, దేశమంతా ఏజెన్సీలు అని చప్పున సమాధానం చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పెద్ద కంపెనీలు బరిలో లేని రోజుల్లో కూడా ప్రాంతీయ డ్రింకులు తమ నేల విడిచి దూరం వెళ్ళలేదు. తమిళనాట విరుదునగర్‌లో కాళీమార్క్ 1916లో పుట్టింది. సూరత్‌లో సోస్యో 1923లో పుట్టింది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏడేళ్ళ తేడాలో వచ్చిన ఈ మూడూ తమ భాష మాట్లాడే జనం మధ్యే వేళ్ళూనుకున్నాయి. ఇన్ని చోట్ల ఒకే తీరు కనిపిస్తోందంటే దానికి మనుషుల తెలివితేటలకీ ధైర్యానికీ మించిన కారణం ఏదో ఉండాలి. ఆ కారణం లోపలి డ్రింకులో లేదు, బయటి సీసాలో ఉంది.

గాజు సీసా లెక్క ఇలా ఉంటుంది. చిన్న సీసాల్లో గాజు బరువే లోపలి డ్రింకు బరువుని మించుతుంది. 200 మిల్లీలీటర్ల సీసాలు 24 పట్టే క్రేటులో డ్రింకు బరువు ఐదు కిలోలు కూడా ఉండదు. గాజు బరువు అంతకన్నా ఎక్కువ, పైన క్రేటు బరువు ఒకటి. లారీ మోసేది ముఖ్యంగా గాజుని. పైగా ఆ గాజు అమ్ముడుపోయే సరుకు కాదు. డ్రింకు తాగినవాడు సీసా అక్కడే ఇచ్చి పోవాలి. ఇంటికి పట్టుకెళ్తానంటే సీసాకి డబ్బులు కట్టి వెళ్ళాలి. కొట్టువాడు ఖాళీలు లెక్కపెట్టి తిరిగిస్తేనే కంపెనీ బండి కొత్త క్రేట్లు దించుతుంది. అంటే ప్రతి సీసా రెండు ప్రయాణాలు చేస్తుంది, అందులో రెండోది పైసా రాని ప్రయాణం.

దీనికి తోడు తిప్పుట లెక్క ఒకటుంది. రోజుకి వెయ్యి సీసాలు అమ్మే చిన్న ఫ్యాక్టరీని ఊహించండి. సీసా వెళ్ళి వారంలో తిరిగొస్తే మొత్తం ఏడువేల సీసాలుంటే వ్యాపారం నడుస్తుంది. అదే సీసా దూరపు జిల్లాకి వెళ్ళి నెలకి తిరిగొస్తే ముప్పైవేల సీసాలు కావాలి. అమ్మకం పెరగలేదు, లాభం పెరగలేదు, గాజు మీద పెట్టాల్సిన పెట్టుబడి మాత్రం నాలుగు రెట్లు దాటింది. దారిలో పగిలేవి, పోయేవి, పక్క కంపెనీ వాళ్ళు నింపేసుకునేవి వేరే. చిన్న కంపెనీ ఆస్తిలో పెద్ద వాటా ఊళ్ళ మీద తిరిగే సీసాలదే. ఆ ఆస్తి కంటికి కనిపించే దూరంలో ఉంటేనే యజమానికి నిద్ర పడుతుంది. ప్రాంతీయ డ్రింకు సరిహద్దుని గీసింది ఈ లెక్కే. ఖాళీ సీసా లాభసాటిగా తిరిగి రాగలిగినంత దూరమే ఆ డ్రింకు రాజ్యం.

ఈ కథ అసలు మొదలయ్యేది గోళీసోడాతో. గ్యాసు నింపిన నీళ్ళని అమ్మకపు సరుకుగా చేసినవాడు జెనీవాలో 1783లో వ్యాపారం పెట్టిన ష్వెప్. అప్పట్నుంచి వందేళ్ళ పాటు సోడా వ్యాపారులందరికీ ఒకటే తలనొప్పి: మూత. బెరడు బిరడా ఎండితే కుంచించుకుపోయి గ్యాసు జారిపోతుంది. తడిగా ఉంచడం కోసం అడుగు కోడిగుడ్డులా గుండ్రంగా ఉండే సీసాలు చేశారు. అవి నిలబడవు, పడుకోబెట్టే ఉంచాలి, అందువల్ల బిరడా ఎప్పుడూ నీళ్ళలో నానుతుంది. ఈ తంటాలన్నిటికీ 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు పేటెంటు తీసుకున్న సీసా ముగింపు పలికింది. మూతని బయట వెతకడం మానేసి సీసాలోపలే పెట్టాడాయన. ఆ మూతే గాజు గోళీ.

ఆ సీసాని చేతిలోకి తీసుకుని చూస్తే ఎంత ఆలోచన పోశారో అర్థమవుతుంది. మూతి అంచుకి కాస్త లోపల చిన్న గాడి, ఆ గాడిలో రబ్బరు వాషరు. మెడ కింది భాగం గట్టిగా నొక్కి పెట్టినట్టు సన్నబడుతుంది, గోళీ పొట్టలోకి జారిపోకుండా. సన్నబడిన చోటుకి పైన ఒక చిన్న గది, గోళీ ఆడేది అందులోనే. ఆ గదికి ఒక పక్కన రెండు సొట్టలు. తాగేటప్పుడు సొట్టలున్న వైపు కిందికి పెట్టి వంచితే గోళీ వాటి మీద ఆగుతుంది, దారి వదులుతుంది. అటు తిప్పి పట్టుకుంటే గోళీ దొర్లుకుంటూ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. మొదటిసారి గోళీసోడా తాగే పిల్లలకి ఎదురయ్యే కష్టం ఇదే. ఆ సొట్టల సంగతి తెలిసిన పెద్దవాళ్ళు సీసా తిప్పి ఇస్తారు.

నింపే పద్ధతి ఇంకా బాగుంటుంది. నీళ్ళు పోసిన సీసాలని మిషను చట్రంలో బిగించి, గ్యాసు వదులుతూ చక్రం తిప్పుతారు. సీసా తలకిందులవుతుంది. గోళీ బరువుకి జారి వాషరు మీద కూర్చుంటుంది. లోపల పుట్టిన ఒత్తిడి దాన్ని అక్కడే బిగించేస్తుంది. గ్యాసు తప్పించుకోవాలని తోసేకొద్దీ తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. లక్క, తీగ, తగరం ఏవీ అక్కర్లేదు. తెరవడానికి బొటనవేలు చాలు, లేదా చిన్న చెక్కముక్క. కీచుమంటూ గ్యాసు బయటికి తన్నుకొస్తుంది. నింపేటప్పుడు గాజు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి సోడా కొట్టే మనిషి మిషనుకి జాలీనో తలుపో అడ్డం పెట్టుకుంటాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన ఊళ్ళల్లో సోడా వ్యాపారం పుట్టడానికి దారి వేసింది ఈ సీసాయే. చేత్తో తిప్పే చిన్న మిషను, కొన్ని వందల సీసాలు, ఊరి నీళ్ళు, గ్యాసు ఉంటే చాలు. ఆ గ్యాసుని కూడా సిలిండర్లు రాకముందు సుద్దపొడి మీదో వంటసోడా మీదో ఆమ్లం పోసి అక్కడికక్కడే తయారుచేసేవారు. కరెంటు అవసరం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మూత కొనే పని లేదు. గోళీ సీసాతోపాటే వస్తుంది, సీసా పగిలేదాకా పనిచేస్తుంది. అప్పుడప్పుడు వాషరు మార్చాలి, అంతే. కాళీమార్క్, ఆర్టోస్, సోస్యో పుట్టిన కాలానికి వెనక ఉన్న ఆర్థిక కారణం ఇది. స్వదేశీ ఉద్యమం కూడా ఊపునిచ్చింది, సోస్యో అయితే ఆ గాలిలో పుట్టినదే. కానీ ఉద్యమం కోరికని మాత్రమే ఇస్తుంది. ఆ కోరికని చిన్న ఊళ్ళో చిన్న పెట్టుబడితో తీర్చుకునే వీలు కల్పించింది సోడా మిషను.

కోనసీమకి ఆనుకుని ఉన్న రామచంద్రపురం లాంటి ఊరికి ఈ వ్యాపారం ఎందుకు నప్పిందో డెల్టా పటం చూస్తే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవలు ఈ నేలని వరిచేలతో నింపాయి. చేతిలో నాలుగు డబ్బులాడే రైతులు, దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళు, పక్కనే ద్రాక్షారామం లాంటి క్షేత్రం, ఏడాది పొడుగునా తీర్థాలు, పెళ్ళిళ్ళు. పడవ వెళ్ళే కాలవ, బండి వెళ్ళే గట్టు ఉన్నాయి. కాకినాడ నుంచి కోటిపల్లికి రామచంద్రపురం మీదుగా 1928లో రైలు కూడా వచ్చింది, కానీ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు. మళ్ళీ ఆ దారిన రైలు తిరిగింది 2004లో. గాజు సరుకుకి ఈ డెల్టా కన్నా మంచి చోటు దొరకదు. చుట్టూ పదిమైళ్ళ దూరంలోనే కావలసినంత మంది కొనేవాళ్ళు, కాబట్టి సీసా త్వరగా వెనక్కి వస్తుంది. మెట్ట ప్రాంతంలో అదే సంఖ్యలో జనాన్ని చేరాలంటే ఎన్నో రెట్లు దూరం తిరగాలి. ఆర్టోస్ నిలబడటంలో రుచికి ఎంత వాటా ఉందో ఊళ్ళ దగ్గరితనానికి అంత వాటా ఉంది.

ఇక సీసా మీద పేరు సంగతి. పాత గోళీసోడా సీసాల మీద కంపెనీ పేరు గాజులోనే ఉబ్బెత్తుగా పోతపోసి ఉంటుంది. ఇప్పటి కంటితో చూసి దాన్ని ప్రకటన అనుకుంటాం. నిజానికి ఆ అక్షరాలు తాగేవాడి కోసం రాసినవి కావు. పక్క వీధి సోడా వ్యాపారి కోసం రాసినవి. ఇది నా సీసా, నువ్వు నింపుకోవడానికి వీల్లేదు అని చెప్పడం కోసం. ఇంగ్లండులో ఈ దొంగతనం ఎంత పెరిగిందంటే, బార్న్‌స్లీలోని గాజు ఫ్యాక్టరీ యజమాని డాన్ రైలాండ్స్ మూతికి రంగు గాజు అంటించిన సీసాలు చేశాడు. దూరం నుంచి చూసినా ఎవరి సీసాయో పోల్చుకోవచ్చు. మన దగ్గర సీసాకి కట్టించుకునే డిపాజిట్టు, కొట్టువాడి దగ్గర ఖాళీల లెక్క, గాజులో పోసిన పేరు అన్నీ ఆ ఒక్క భయం నుంచి పుట్టినవే. పాత ప్యాకింగుని అందం కోసం ఇష్టపడటంలో తప్పు లేదు. కానీ ఆ అందంలో చాలా భాగం ఆస్తిని కాపాడుకునే ఏర్పాటని గుర్తిస్తేనే దాని అర్థం పూర్తిగా తెలుస్తుంది.

గోళీసీసాకి తీరని లోపం ఒకటుంది. గోళీ బయటికి రాదు కాబట్టి లోపల బ్రష్ పెట్టి తోమడం కుదరదు. గాడిలో రబ్బరు చుట్టూ చేరిన మురికి నీళ్ళు పోసి కుదిపినంత మాత్రాన పోదు. ఉత్త నీళ్ళ సోడాకి ఇది కొంత పర్లేదు. పంచదార కలిపిన రంగు డ్రింకుకి పెద్ద సమస్య, తీపి ఉన్నచోట బూజు పడుతుంది. బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ 1892లో పేటెంటు తీసుకున్న రేకు మూత దీనికి జవాబైంది. అంచు చుట్టూ పళ్ళున్న ఆ మూతకి మొదట్లో 24 పళ్ళుండేవి, తర్వాత 21కి స్థిరపడింది. సీసా మూతి బోలుగా ఉంటుంది కాబట్టి వేడి కాస్టిక్ నీళ్ళతో మిషనే కడిగేస్తుంది. నింపడం, మూత వేయడం కూడా మిషనే. బ్రిటన్‌లో గోళీసీసా రెండో ప్రపంచయుద్ధానికి ముందే దాదాపు అంతరించింది. జపాన్‌లో రామునే పేరుతో, మన దగ్గర గోళీసోడాగా మిగిలింది.

మన దగ్గర రెండూ పక్కపక్కన బతికిన కాలం చాలా పొడుగు. ఇది వెనకబాటుతనం అనుకోనక్కర్లేదు, లెక్క అలా కుదిరింది. రేకు మూత ఒక్కసారికే పనికొస్తుంది, ప్రతి సీసాకీ కొత్తది కొనాలి. కడిగే మిషను, మూత వేసే మిషను, మందు కలిపిన నీళ్ళు, కరెంటు అన్నీ కావాలి. అది భరించగలిగిన సోడా ఫ్యాక్టరీ డ్రింకు కంపెనీగా ఎదిగింది, లేనిది గోళీసోడా దగ్గరే ఆగింది. ఊళ్ళో సోడాబండి తోసుకుంటూ నిమ్మసోడా అమ్మే మనిషి, రంగురంగుల సీసాలు లారీకెక్కించే ఫ్యాక్టరీ ఒకే తల్లి పిల్లలు. వాళ్ళని విడదీసింది ఆ రేకు మూతే.

రేకు మూత కొట్టు రూపాన్ని కూడా మార్చింది. గోళీసోడా తాగడానికి వేలు చాలు. రేకు మూతకి ఓపెనరు కావాలి. అందుకే కొట్టు గుంజకి దారంతో వేలాడే ఓపెనరు, దాని కింద నేలలో అణిగిపోయిన పాత మూతల పొర. పిల్లలు ఆ మూతల్ని చదును చేసి, రెండు బెజ్జాలు పెట్టి, దారం దూర్చి గిర్రున తిప్పేవారు. తాగే చోటూ అమ్మే చోటూ ఒకటే కావడం వల్ల డ్రింకు అంటే కొట్టు ముందు నిలబడి తాగేది అన్న అలవాటు స్థిరపడింది. ఇంటికి క్రేటు వచ్చిందంటే ఆ ఇంట్లో శుభకార్యం ఉన్నట్టే లెక్క.

1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్ళిపోయింది. విదేశీ మారకద్రవ్య చట్టం కింద విదేశీ వాటా తగ్గించుకోవాలన్న షరతుకి ఆ కంపెనీ ఒప్పుకోలేదు. ఆ ఖాళీలో థమ్సప్, క్యాంపాకోలా, ప్రభుత్వ సంస్థ తెచ్చిన డబుల్ సెవెన్ వచ్చాయి. ప్రాంతీయ డ్రింకులకి కోకాకోలా పోటీ లేని పదహారేళ్ళు దొరికాయి. ఆ పదహారేళ్ళలో కూడా అవి దేశమంతా ఎందుకు పాకలేదన్నదే గాజు లెక్కకి తిరుగులేని సాక్ష్యం. థమ్సప్‌ని దేశమంతా అమ్మగలిగిన పార్లే కంపెనీ కూడా ఒకే చోట తయారుచేసి లారీల్లో పంపలేదు. ఊరూరా వేరే యజమానుల బాట్లింగ్ ప్లాంట్లకి హక్కులిచ్చి, నీళ్ళలో కలిపితే డ్రింకయ్యే చిక్కటి కాన్సన్‌ట్రేట్ మాత్రం పంపింది. అంటే జాతీయ డ్రింకు అనేది వందల మైళ్ళు ప్రయాణించిన సీసా కాదు. ఒకే పేరు పెట్టుకున్న అనేక ప్రాంతీయ డ్రింకుల గుంపు. సీసా అక్కడ కూడా తన ప్లాంటు చుట్టూనే తిరిగేది.

1993లో కోకాకోలా తిరిగొచ్చింది. అదే ఏడాది పార్లే నుంచి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ లాంటి పేర్లతోపాటు ఆ బాట్లర్ల జాలాన్ని కూడా అందుకుంది. అది కొన్నది రుచుల్ని అనుకుంటారు కానీ అంతకన్నా విలువైనది దేశమంతటా ఖాళీ సీసాలు తిప్పగలిగే ఏర్పాటు. గోల్డ్‌స్పాట్‌ని తర్వాత ఆపేసినా ఆ కంపెనీకి నష్టం లేకపోయింది. చిన్నవాళ్ళ మీద అసలు దెబ్బ పడింది 2003 ప్రాంతంలో, 200 మిల్లీలీటర్ల సీసా ఐదు రూపాయలకి వచ్చినప్పుడు. అప్పటిదాకా ప్రాంతీయ డ్రింకు చేతిలో ఉన్న గట్టి ఆయుధం ధర. అదే సైజు గాజు సీసాలో, అదే కొట్టులో, సినిమా హీరో బొమ్మతో, ఐదు రూపాయలకి పోటీ డ్రింకు దొరికాక ఆ ఆయుధం మొండిబారింది. కొట్టులో ఫ్రిజ్ పెద్ద డ్రింకు కంపెనీ ఇచ్చినదైతే అందులో ఏ సీసాలు పెట్టాలన్నది కూడా కంపెనీ చేతుల్లోకి పోతుంది.

ఆ తర్వాత ప్లాస్టిక్ సీసా ఆటనే మార్చేసింది. పెట్ సీసాకి అమెరికాలో 1973లో పేటెంటు వచ్చింది, మన ఊళ్ళల్లో పూర్తిగా పరుచుకోవడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది. ఇది తిరిగి రానక్కర్లేదు. తేలిక, పగలదు, ఖాళీల లెక్క లేదు. చిన్న ఫ్యాక్టరీ బొటనవేలంత మందాన ఉండే ప్రీఫామ్‌లని, అంటే ఇంకా ఊదని ప్లాస్టిక్ గొట్టాల్ని బస్తాల్లో తెప్పించుకుని, వేడిచేసి గాలి ఊది, తన దగ్గరే సీసాలు చేసుకోవచ్చు. వందేళ్ళుగా ప్రాంతీయ డ్రింకుని కట్టేసిన తాడు తెగింది. ఇప్పుడు రామచంద్రపురం సీసా బస్సెక్కి హైదరాబాద్‌లో చుట్టాలింటికి పోవచ్చు, వెనక్కి రాకపోయినా ఎవరికీ నష్టం లేదు.

కానీ ఆ తాడే గోడ కూడా. గాజు సీసా రోజుల్లో బయటి డ్రింకు ఈ డెల్టాలో అమ్మాలంటే ఇక్కడికి సీసాలు పంపి వెనక్కి తెచ్చుకోవాలి, లేదా ఇక్కడే ప్లాంటు పెట్టాలి. ఆ అడ్డంకి పోగానే ఎక్కడి డ్రింకైనా ఏ కొట్టుకైనా వస్తుంది. చిన్న ప్లాస్టిక్ సీసాకి ఇంకో తిరకాసు ఉంది. గాజులోంచి గ్యాసు పోదు, ప్లాస్టిక్ గోడలోంచి కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. సీసా ఎంత చిన్నదైతే అంత త్వరగా, ఎండ ఎంత ఎక్కువైతే అంత త్వరగా. కాబట్టి దూరం వెళ్ళగలిగినా ఎక్కువకాలం నిలవ ఉండలేదు. గాజు సీసాలో తాగిన డ్రింకు గొంతులో ఇంకా గట్టిగా తగిలేదని పాతవాళ్ళు అనే మాటని ఊరికే చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు. దానికి ఇదీ ఒక కారణం.

పన్ను కూడా చిన్నవాళ్ళ మీదే బరువుగా పడింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గ్యాసు డ్రింకుల మీద 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపి 40 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో స్లాబులు మార్చినప్పుడు సెస్సు పోయింది కానీ పన్నే 40 శాతం అయింది. చిన్న వ్యాపారులు నామమాత్రపు పన్ను కట్టి బయటపడే కాంపోజిషన్ పథకం నుంచి గ్యాసు నీళ్ళ తయారీదారుల్ని 2019 అక్టోబరు నుంచి తప్పించారు. దేశాలన్నిటా అమ్మే కంపెనీకీ, ఒక తాలూకాలో అమ్మే సోడా ఫ్యాక్టరీకీ ఒకే రేటు. పంచదార తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ పంచదార ఎంత ఉందో చూడకుండా పన్నువేస్తే ఉద్దేశం నెరవేరదు. పంచదార లేకుండా రుచి మాత్రమే కలిపిన గ్యాసు నీళ్ళని కూడా చక్కెర పానీయంతో సమానంగా చూడటం అన్యాయం.

ఈ మధ్య పాత పేర్లకి గిరాకీ మళ్ళీ పెరిగింది. రిలయన్స్ 2023లో క్యాంపాని తిరిగి మార్కెట్లోకి తెచ్చింది, అదే ఏడాది సోస్యో కంపెనీలో సగం వాటా తీసుకుంది. గోళీసోడాని గల్ఫ్ దేశాల సూపర్‌మార్కెట్లకి ఎగుమతి చేస్తున్నట్టు 2025లో కేంద్ర వాణిజ్య శాఖ కింది సంస్థ ప్రకటించింది. తిరిగి వచ్చే అవసరం లేని గోళీసీసా ఇది. కాడ్ ఆ సీసా చేసిందే పదేపదే నింపడం కోసం. ఇప్పుడు దాన్ని గోళీ శబ్దం కోసం ఒక్కసారి కొని తాగి పక్కన పెడుతున్నారు. రూపం అదే ఉంది, పని మారిపోయింది.

పాత సీసాలు పోగుచేసేవాళ్ళు మన దగ్గరా పెరుగుతున్నారు, మంచిదే. అయితే వాళ్ళు ఎక్కువగా వెంటపడేది సీసా కోసం, కాలం చెప్పగలిగేది మాత్రం మూత. సీసా ఏళ్ళ తరబడి తిరగాలి కాబట్టి దాని మీద మారిపోయే సంగతులేవీ రాయరు. ధర, తేదీ, లైసెన్సు లాంటివి మూత మీదికి పోతాయి. సీసాని చూసి చెప్పగలిగేది అది ఎంత తిరిగిందన్నది. భుజం దగ్గర, అడుగున గాజు తెల్లగా గరుకుదేరిన పట్టీ కనిపిస్తుంది. మిషను మీద, క్రేటులో పక్క సీసాలతో రాసుకున్న గుర్తు అది. పట్టీ ఎంత వెడల్పుగా, ఎంత మసగ్గా ఉంటే అన్ని ఎక్కువ తిప్పుటలు. కాల్చి అంటించిన రంగు అక్షరాలు సగం చెరిగిపోయిన సీసాని చాలామంది పాడైనదని పక్కన పెడతారు. ఆ డ్రింకు నిజంగా ఎంత అమ్ముడుపోయిందో చెప్పేది మాత్రం అలాంటి సీసాయే. మెరిసే సీసా బహుశా ఫ్యాక్టరీ గోదాములోనే ఉండిపోయినది.

రేకు మూత, కాగితం లేబులు, క్రేటు చెక్క మీది ముద్ర దొరికితే కాలం పట్టడం తేలిక. చిరునామాలో ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే అది 1953 అక్టోబరుకీ 1956 నవంబరుకీ మధ్యది, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే ఆ తర్వాతది. ధర నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్య. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాత. ఎఫ్‌పీఓ ముద్ర, పళ్ళరసం లేదన్న హెచ్చరిక ఉంటే 1955 నాటి పళ్ళ ఉత్పత్తుల ఉత్తర్వు అమల్లో ఉన్న కాలం. పద్నాలుగు అంకెల ఆహార భద్రత లైసెన్సు నెంబరు ఉంటే 2011 తర్వాతది. రామచంద్రపురం చిరునామాలో తూర్పు గోదావరి జిల్లా పోయి కోనసీమ జిల్లా వచ్చిందంటే అది 2022 జిల్లాల విభజన తర్వాతిది.

విచిత్రం ఏమిటంటే ఇంత సమాచారం మోసే మూతని తాగిన మరుక్షణం నేలమీద పారేసేవాళ్ళు, ఏమీ చెప్పని సీసాని అపురూపంగా దాచేవాళ్ళు. కాబట్టి ఒక ప్రాంతపు డ్రింకు చరిత్ర రాయాలనుకునేవాళ్ళు వెతకాల్సింది అటకల మీది సీసాల్ని కాదు. పాత కొట్ల ముందు అడుగు మట్టి తవ్వితే మూతలు దొరుకుతాయి, తుప్పుపట్టినా అక్షరాలు కొన్ని మిగులుతాయి. దానికన్నా ముందు కొట్లకి క్రేట్లు దించే లైన్ బండి తోలినవాళ్ళతో కూర్చోవాలి. ఏ ఊరిదాకా బండి వెళ్ళేది, ఏ ఊళ్ళో ఖాళీలు సరిగ్గా ఇచ్చేవారు కాదు, ఏ వాగు పొంగితే ఎన్ని క్రేట్లు అవతలే ఉండిపోయేవి అన్నది వాళ్ళకి నోటికి వచ్చు. ఖాళీల లెక్క రాసిన పాత పుస్తకం ఏ ఏజెన్సీ అలమరాలోనో మిగిలుంటే, ఆ డ్రింకు సరిహద్దు ఊరి పేర్లతో సహా అందులో రాసి ఉంటుంది.